కోరమండల్‌లో నేను కనిపెట్టిన గ్యాసు

ఒక వరస ఇండ్లలో పొయ్యిలన్నీ ఆర్పించి, ముసలీ ముతకా అందరినీ చలిలో బయట కూర్చోబెట్టి, పొద్దున కాఫీ చుక్క ఎవరి గొంతులోనూ పడకుండా చేసిన ఘనత మీలో ఎంతమందికి ఉంది? నాకుంది. అదీ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఎవరి సాయమూ లేకుండా, ఒంటిచేత్తో సాధించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పూట మాత్రం భూమి నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను. అప్పటికే దాని ఒంటినిండా నేను కన్నాలు పెట్టి ఉన్నాను కాబట్టి దానికి కూడా అది పెద్ద కష్టమయ్యేది కాదు.

మాది ముళబాగిలు. అమ్మ బళ్ళో టీచరు. చదువు కాగానే బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేరాను. అక్కడ మా పని నేల కింది మట్టిని, నీళ్ళను, ఆవిరిని పైకి తీసి పరీక్ష చేయడం. మట్టి తీయడం సులువు. బోలు గొట్టాన్ని దిగ్గొట్టి పైకి లాగితే చెరుకుగడలాగా వచ్చేస్తుంది. నీళ్ళకోసమైతే, అడుగున మూత ఉన్న సన్నటి పొడుగాటి గొట్టాన్ని తాడు కట్టి బావిలోకి వదిలితే, మునిగి నిండి పైకొస్తుంది. ఆవిరితోనే వస్తుంది తంటా. కంటికి కనపడదు, చేతికి చిక్కదు. దానికోసం సన్నటి ఇనప గొట్టాన్ని నేలలోకి దింపి, పైకొసకు రబ్బరు ట్యూబు తగిలించి, చిన్న పంపుతో కింది గాలిని పీల్చాలి. ఆ గాలి మన మెడలో వేలాడే మిషన్ ముక్కులోకి పోతుంది. చెడ్డ ఆవిరి తగిలితే మిషన్ కూస్తుంది, లేకపోతే గమ్మునుంటుంది.

దీనికంతటికీ ఒకే ఒక్క నియమం ఉంది. గొట్టం నేలలోకి దిగినచోట చుట్టూ తడి బంకమన్ను మెత్తాలి. మెత్తకపోతే పైగాలి ఆ సందులోంచి దూరి కింది గాలితో కలిసిపోతుంది. మా సార్ ఈ మాట జీపులో చెప్పేవారు, టీ తాగుతూ చెప్పేవారు, అన్నం కలుపుకుంటూ చెప్పేవారు. నేను ప్రతిసారీ తలూపేవాణ్ణి. తలూపడంలో నాకు మొదటినుంచీ మంచి పేరుంది.

కోలారు బంగారు గనులు మూతపడి అప్పటికి కొన్నేళ్ళయింది. అక్కడి కోరమండల్ అనే పేటలో ఒక లైను ఇండ్ల వెనక పాత వర్క్‌షాపు ఉండేది. ఏళ్ళ తరబడి అక్కడ ఒలికిన నూనె, కిరసనాయిలు నేలలో ఇంకి ఆవిరవుతోందేమో చూడమని గని వాళ్ళ పై ఆఫీసు మా కంపెనీకి పని అప్పగించింది. చూడ్డానికి చిన్న పనే. కానీ దాని వెనక ఆ లైను వాళ్ళ బతుకంతా ఉంది. గని పోయినా క్వార్టర్స్ వదలకుండా ఉంటున్నవాళ్ళకు ఆ ఇండ్లు వాళ్ళ పేర్లకే రాసిచ్చే మాట నడుస్తోంది. నేల బాగుందని మేము చెబితే ఇల్లు వాళ్ళది. బాగాలేదంటే సామాను సర్దుకోవాల్సిందే.

ఇంతటి బరువు మోయడానికి నేను బయల్దేరిన తీరు చూడండి. నాకు నాలుగు రోజులుగా జలుబు. రెండు ముక్కులూ దిబ్బడేసి, పక్కన పాయసం కాచినా పెంట తగలబెట్టినా నాకు ఒకటే. భూమిలో చెడ్డ వాసన పట్టడానికి పోతున్నవాడి పరిస్థితి ఇది. ముందు రాత్రి మా ఊళ్ళో ఇంట్లోనే ఆగాను. పొద్దున అమ్మ ట్రంకు పెట్టె అడుగునుంచి మెరూన్ రంగు స్వెట్టర్ తీసి, "ఇది వేసుకోకుండా పోతే నా మీద ఒట్టు" అంది. వేసుకున్నాను. జీపులో సార్ రెండుసార్లు నావైపు వింతగా చూసి అద్దం దించుకున్నారు. జలుబు అంటుకుంటుందని భయపడుతున్నారనుకున్నాను.

సార్ నన్ను లైను దగ్గర దింపి, బోరుబావుల నీళ్ళు పట్టుకోవడానికి బైరకూరు వైపు వెళ్ళిపోయారు. జీపు మలుపు తిరిగాక సామాను చూసుకున్నాను. గొట్టాలున్నాయి, సుత్తి ఉంది, పంపు ఉంది, మిషన్ ఉంది. బంకమన్ను సంచి లేదు. అది జీపులో సుఖంగా బైరకూరుకు పోతోంది.

మొదటి ఇల్లు నారాయణప్ప తాతది. గని ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. భార్య జయమ్మవ్వ. నేను పెరట్లో సామాను దించుతుంటే అవ్వ తలుపు తీసింది.

"ఏమప్పా, ఇంత పొద్దున్నే వచ్చినావు. కాఫీ తాగి కొట్టుకోరాదా నీ గుంతలు?"

"పని అయినాక తాగుతానవ్వా."

ఆ ఒక్క మాట అనకుండా కాఫీ తాగి ఉంటే ఈ కథలో సగం జరిగేది కాదు.

"నిజం చెప్పప్పా," అన్నాడు తాత గొట్టంవైపు చూస్తూ. "కింద ఏమన్నా ఉంటే మమ్మల్ని పంపించేస్తారా?"

"ఏమీ ఉండదు తాతా, సుమ్నే, ఊరికే చూసేది" అన్నాను. ధైర్యం చెప్పడానికి ఏం ఖర్చు?

స్వెట్టర్ విప్పి గోడ మీద వేసి, సుత్తితో గొట్టం దించాను. చెమట పట్టింది. ఇప్పుడు చుట్టూ మెత్తడానికి మన్ను కావాలి. ఇంకొకడైతే సార్‌కు ఫోన్ చేసేవాడు. చేస్తే "సంచి మరిచిపోయినావా?" అంటారు. ఆ మాట పడటం ఇష్టంలేక మెదడుకు పని చెప్పాను. పాఠకులారా, నా మెదడుకు పని చెప్పినప్పుడల్లా ఊరికి ఏదో ఒకటి అయింది. గోడ మీద స్వెట్టర్ కనిపించింది. మందపాటి ఉన్ని. దాన్ని గొట్టం మొదట్లో గట్టిగా చుట్టి, చేతులు రెండూ లాగి ముడేసి, పైన రాయి పెట్టాను. పసిబిడ్డకు మఫ్లర్ చుట్టినట్టు ముద్దొచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయి పంపు వేశాను.

మిషన్ కూసింది. మామూలు కూత కాదు, ఆగకుండా, చెవులు చిల్లులు పడేలా కూసింది. అంకె పైకి ఎగబాకుతూనే ఉంది.

జయమ్మవ్వ వంటింట్లోంచి పరుగున వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది, ముఖం తెల్లబోయింది. "ఏమైంది? ఎవురికేమైంది?" అంటోంది. తర్వాత తాత చెప్పాడు, గని నడిచే రోజుల్లో వేళ కాని వేళ సైరన్ కూస్తే కింద ప్రమాదమేమోనని ఆడవాళ్ళంతా గనిలోకి దిగే షాఫ్ట్ గేటు దగ్గరికి ఇట్లాగే పరిగెత్తేవాళ్ళట. గని మూతపడినా ఆమె కాళ్ళు మరిచిపోలేదు. అక్కడే నా గుండె జారింది. కానీ జారిన గుండెను ఎత్తుకుని పక్కింటికి పోయాను.

పక్కింట్లోనూ గొట్టం, స్వెట్టర్, కూత. ఆపై ఇంట్లోనూ అంతే. ఏ పెరట్లో చూసినా ఒకటే కూత. నేను సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, లైనంతా గ్యాసు సార్. మిషన్ ఆగడం లేదు."

"సరిగ్గా చూసినావా? గొట్టం చుట్టూ గట్టిగా మూసినావా?"

"చాలా గట్టిగా సార్. చీమ కూడా దూరదు."

ఇందులో అబద్ధం లేదు. ఆ స్వెట్టర్‌లోకి చీమలు దూరవని తర్వాత అందరికీ రుజువైంది.

"అయితే పొయ్యిలు ఆర్పించి అందరినీ బయటికి పిలువు. నేను వస్తా ఉండాను."

పిలిచాను. పెద్ద ఆఫీసరులాగా చేతులూపుతూ మరీ పిలిచాను. జనం సిలిండర్లు, టీవీలు, దేవుడి పటాలు మోసుకుని రోడ్డు మీదికి వచ్చారు. చలిగాలి గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీదుగా దుమ్మును లేపుకుని వస్తోంది. అందరూ నా చుట్టూ చేరారు.

"అవునప్పా, పొద్దున్నుంచి ఏందో వాసన వస్తానే ఉండాది. ఆస్పత్రి వాసన మాదిరి" అంది పక్కింటామె.

"ఆస్పత్రి కాదు, జౌళి అంగడి వాసన" అన్నాడు ఆమె మొగుడు.

"ఈ వాసన నాకు తెలిసిందే. యాడ చూసినానో గుర్తుకు రాలేదు" అన్నాడు తాత.

జయమ్మవ్వ మాత్రం కళ్ళు సగం మూసి గాలి పీల్చింది. "ఎందుకో గానీ, ఈ గ్యాసు వాసన వస్తే నాకు మా పెండ్లి గుర్తుకొస్తాండాదప్పా."

"నీ పెండ్లి నాకూ గుర్తుండాది. అబుడు ఏ గ్యాసూ లేదు" అన్నాడు తాత.

నేను ముక్కు చీదుకుని, భూగర్భ ఆవిరి ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా వాసన కొడుతుందని శాస్త్రం చెప్పాను. ఏ పుస్తకంలో ఉందో ఇప్పటికీ వెతుకుతున్నాను.

కొంతసేపటికి ఒక్కొక్కరే తమ తమ గుమ్మాలవైపు చూస్తూ కూర్చున్నారు. తాత అరుగు బండ మీద ఒంటరిగా కూర్చుని వణుకుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"మైన్స్ మూసిన దినం చానామంది సామాను కట్టుకుని పోయినారప్పా. నేను పోలేదు. నా బిడ్డలు పుట్టింది ఈడ, నడక నేర్చింది ఈ గచ్చు మీద. కింద బంగారం అయిపోతే కంపెనీ పోయింది, సరే. ఇంగ కింద గాలి బాలేదంటే మేమూ పోవల్లనా?"

నాకు ఏడుపొచ్చింది. దాచడమెందుకు, వచ్చింది. ఈ ముసలాయన ఇల్లు నా నోటిమాటతో పోతోంది. నేనేమీ చేయలేను. కనీసం చలి తగ్గించగలను కదా. పరుగున పోయి గొట్టానికి చుట్టిన స్వెట్టర్ విప్పి, చేతులు చాచి దుమ్ము దులిపి, అలాగే దూరంగా పట్టుకుని తెచ్చి ఆయన భుజాల చుట్టూ కప్పాను. "వేసుకో తాతా" అంటూ వంగానో లేదో, మెడలోని మిషన్ ఆయన ఛాతీకి ఆనింది.

కూత మొదలైంది.

అదిరిపడి వెనక్కి జరిగాను. కూత ఆగింది. దగ్గరికి పోయాను. మళ్ళీ కూత. గోడ దగ్గర పెట్టి చూశాను, గమ్మునుంది. నేలకు ఆనించాను, గమ్మునుంది. తాత దగ్గర పెడితే మాత్రం గని సైరన్.

లైను లైనంతా లేచి నిలబడింది. పక్కింటామె పిల్లలను వెనక్కి లాక్కుంది. "గ్యాసు తాతలోకి ఎక్కేసినాది" అన్నారెవరో.

"ఈయన ఒంట్లో గ్యాసు ఉండాదని నేను ముందునుంచీ మొత్తుకుంటానే ఉండాను. డాక్టరు నమ్మలేదు" అంది జయమ్మవ్వ.

తాత రెండు చేతులూ పైకెత్తి కదలకుండా కూర్చున్నాడు. "ఇంగ నన్నేమి చేస్తారప్పా?" అన్నాడు మెల్లగా. పంపు తగిలించి ఆయన గాలి పరీక్షించాలా అని నేను నిజంగానే ఆలోచిస్తున్నాను. సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది.

సార్ దిగారు. చేతిలో బంకమన్ను సంచి ఉంది. తాతను చూశారు, మిషన్‌ను చూశారు, నన్ను చూశారు. చూడటం అయ్యాక సంచి నా కాళ్ళ దగ్గర పెట్టారు.

"మన్ను ఈడ ఉండాది. మరి నువ్వు గొట్టాన్ని దేంతో మూసినావు?"

నా వేలు దానంతటదే లేచి తాత భుజాలవైపు చూపించింది.

జయమ్మవ్వ వచ్చి స్వెట్టర్ కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత జేబులో చేయి పెట్టింది. బయటికి తీసిన అరచేతిలో గుప్పెడు తెల్లటి కలరా ఉండలున్నాయి. కొన్ని అరిగి బఠాణీగింజంత అయ్యాయి.

"అదే కదా," అంది అవ్వ తృప్తిగా. "పెండ్లి చీర పెట్టెలో ఇవే ఏసినాను. పెట్టె తీసినప్పుడల్లా ఇదే వాసన. పొద్దున కాఫీకి కూర్చోనుంటే అబుడే చెప్పుండేదాన్ని."

తాత చేతులు ఇంకా పైకే ఉన్నాయి. "అయితే చేతులు దించుకోమంటావా?" అన్నాడు. అంతే, పక్కింటామె మొదలుపెట్టిన నవ్వు లైను ఆ కొస దాకా పోయి తిరిగి వచ్చింది. ముసలాయన నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. అది నవ్వుకు వచ్చిన నీళ్ళు మాత్రమే కాదని నాకు తెలుసు.

సార్ నవ్వలేదు. నా ఉద్యోగం అక్కడికక్కడే పోయేదే. అది మా అమ్మ ఇచ్చిన స్వెట్టరని నేను నసుగుతుంటే జయమ్మవ్వ అడ్డం వచ్చింది. "చిన్నబిడ్డ, పోనీలేప్పా. వాళ్ళమ్మ చలి అని పెట్టింది, ఈడు మా ముసిలోనికి చలి అని కప్పినాడు. కప్పకుండా ఉండింటే మా ఇల్లు పోయుండేది కదా. ముందు పొయ్యి అంటిస్తాను, ఉప్పిట్టు తిని మాట్లాడండి."

ఉప్పిట్టు తిన్నాం. సార్ తనే స్వయంగా బంకమన్ను కలిపి, ప్రతి గొట్టానికీ మెత్తి, మళ్ళీ పరీక్ష చేశారు. స్వెట్టర్‌ను జీపులో పెట్టి అద్దాలెత్తించారు. ఏ పెరట్లోనూ మిషన్ కూయలేదు. అంత శ్రద్ధగా దేని మౌనాన్నీ నేను విన్నది లేదు. తర్వాత కొన్నాళ్ళకు ఆ ఇండ్లు వాళ్ళ పేర్లకే వచ్చాయని తెలిసింది. నాకు మాత్రం ఆఫీసులో చాలా ఏళ్ళు 'కలరా ఉండ' అనే పేరు ఉండిపోయింది.

ఆ ఏడాది చలికాలం పోకముందే జయమ్మవ్వ తన చేత్తో అల్లిన నీలం స్వెట్టర్ పంపింది. జేబులో చేయి పెడితే గరగరమంది. ఎండిన వేపాకు. "పురుగు పట్టకుండా ఇది చాలప్పా, మిషన్‌కు భయం లేదు" అని చెప్పి పంపిందట. అయినా వేసుకునే ముందు మిషన్ తెచ్చి దాని ముక్కుకు ఆనించి చూశాను. కిక్కురుమనలేదు.

కాబట్టి కోలారు చలి సాక్షిగా, కోరమండల్ బండరాళ్ళ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నేను బతికుండగా గొట్టానికి మన్నే మెత్తుతాను. స్వెట్టర్ మనుషులకే కప్పుతాను. ఎవరింటికి పనికి పోయినా, వాళ్ళ నేలను అనుమానించే ముందు నా జేబులు తడుముకుంటాను. అన్నిటికన్నా ముందు, ఇంటి ఇల్లాలు కాఫీ ఇస్తానంటే కూర్చుని తాగుతాను.