“సూడు” అన్నందుకు జీడిపప్పు

బొబ్బిలి కోట కూలిన తర్వాత మా జిల్లాలో ఇంత పెద్ద పగ ఎవరూ తీర్చుకోలేదు. ఇందులో అవమానం ఉంది, ప్రతిజ్ఞ ఉంది, నిండు సభలో శత్రువు నోరే శత్రువుని కాటేసిన ఘట్టం ఉంది. మీరు చదవబోయేది మహాకావ్యం.

కాదులెండి. ఒక సారు, ఒక పాప, ఒక స్టీలు డబ్బా. అంతే.

విజయనగరంలో మాటలు ఆలస్యమైన పిల్లలకు నేర్పే చిన్న సెంటర్లో నేను ట్రైనర్ని. మా పనికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది, చేసేది మాత్రం చిన్నదే. పిల్ల మంచి పని చేయగానే ఇష్టమైనది చేతిలో పెట్టాలి, అప్పుడు ఆ పని మళ్లీ చేస్తుంది. ఏమీ దక్కని పని మెల్లగా చచ్చిపోతుంది. ఈ సూత్రం నాకు నేర్పింది మా సారే. ఆయనది మా వైపు కాదు. పుస్తకంలా మాట్లాడతారు, మూసిన పుస్తకంలా వింటారు.

సాలూరు నుంచి ఒకామె ఐదేళ్ల కూతుర్ని తెచ్చేది. భర్త లారీ డ్రైవరు. పాపకి ప్రాణం ఒక బొమ్మ లారీ. ఒకరోజు దాన్ని తిరగేసి, చక్రం తిప్పి, మా ముఖాల్లోకి చూసి “సూడు” అంది. మాట లేని పిల్ల, తను చూసేది ఇంకొకరూ చూడాలని అడిగింది. మా వృత్తిలో అంతకంటే పెద్ద పండగ లేదు.

సారు లారీని ఎత్తి పట్టుకున్నారు. “చూడు. చ. చూడు అను, ఇస్తాను.”

పాప “సూడు” అంది. లారీ రాలేదు. మళ్లీ అంది. రాలేదు. వారం తిరిగేసరికి అనడమే మానేసింది.

“సార్, వాళ్లింట్లో అలాగే అంటారు. మా ఇంట్లోనూ అంతే” అన్నాను.

“అయితే ముందు నీకిప్పించాలోయ్ స్పీచ్ థెరపీ” అన్నారు సారు, వరండాలో తల్లులందరూ వింటుండగా. అందరూ నవ్వారు. పాప తల్లి కూడా నవ్వింది. సెంటర్లో పాప సీటు సారు చేతిలో ఉంది మరి. నెలాఖరు రివ్యూలో, సెంటరు నడిపే మేడం ముందు పాప ఒక్క మాటైనా అనకపోతే, ఆ సీటు వెయిటింగులో ఉన్న ఇంకో పిల్లకి పోతుంది.

ఆ సాయంత్రం ఆమె నన్ను పక్కకి పిలిచింది. “బస్సులో అంతాది బాబూ, సూడు సూడు అని. ఇక్కడికొస్తే నోరిప్పదు. ఏటి సేత్తాం?”

“బస్సులో అన్నప్పుడల్లా నువ్వు సూడు, లారీ సేతికిచ్చెయ్యక్కా. సారు సంగతి నేను సూసుకుంటాను.”

పాము పగ పన్నెండేళ్లంటారు. నాకు నెలాఖరు దాకానే గడువు. అందుకని పలాస జీడిపప్పు కొని, మిరియాల పొడి వేసి వేయించాను. సారుకి అదే బొమ్మ లారీ.

టీ టైముకి డబ్బా పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చునేవాణ్ని. మొదటిరోజు “ఏమిటోయ్ అందులో?” అన్నారు. మూత కదల్లేదు. నన్ను వెక్కిరిద్దామని “ఏటి, ఏటి తెచ్చినావేటి?” అన్నారు. మూత తీశాను. వెక్కిరింపైనా పలికితే పలికినట్టే. మర్నాడు ఇంకా ఎక్కువ వెక్కిరించారు. తర్వాత “ఏటి”కి పప్పు పడటం ఆగిపోయింది. “సెప్పు” కావాలి. ఆపైన “సూడు” కావాలి. మెట్టు మెట్టుగా ఎక్కించడం కూడా ఆయన నేర్పిన విద్యే. లోపల పళ్లు కొరుకుతూ, పైకి నవ్వుతూ, ముందు మూత మీద వేలితో ఒకసారి కొట్టి, ఆయన అన్నాక ఒక్కో పలుకూ అందించాను.

టీ తెచ్చే ఆమె కనిపెట్టేసింది. “ఏటి బాబూ, సారుకి మన గాలి తగిలినట్టున్నాదేటి?”

“తగల్లేదమ్మా. తగిలిస్తన్నాను.”

రివ్యూ రోజు మేడం కుర్చీలో కూర్చున్నారు. పాప తల్లి గుమ్మం దగ్గర కొంగు నలుపుకుంటోంది. నేను గోడవార, ఒళ్లో డబ్బాతో. సారు లారీ తీశారు. నేను మూత మీద వేలితో ఒక్కసారి కొట్టాను.

“సూడమ్మా” అన్నారు సారు. “ఇటు సూడు.”

పాప తలెత్తింది. ఆ గదిలో తన ఇంటి మాట సారు నోట వినడం దానికదే మొదలు. లారీ లాక్కుని, చక్రం తిప్పి, మేడం వైపు చూసి, “సూడు” అంది.

సారు నోరు “చ” కోసం తెరుచుకుంది. తప్పంటే ముందు తనదే తప్పు. మూసుకుంది.

“మాట బాగానే ఉందే. రాదన్నారెవరు?” అన్నారు మేడం.

సారు ఫ్యాను వైపు చూశారు. ఆ చూపు కోసమే నేను నెలంతా బతికాను.

“సీటు ఉన్నట్టేనా బాబూ?” అంది తల్లి, బయటికొచ్చాక.

“ఉన్నాదక్కా.”

ఇక సారు కుమిలిపోవాలి, నన్ను తలుచుకుని పళ్లు నూరాలి. మర్నాడు టీ టైముకి ఆయనే కుర్చీ లాక్కుని వచ్చి, ఎంతో హాయిగా, “ఏటోయ్, ఇయేల డబ్బా ఏదీ?” అన్నారు. తనమీద పగ తీరిందని ఆయనకి తెలియనే తెలియదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే “సూడు” మానేస్తారు, పాపకి మళ్లీ “చ” మొదలవుతుంది. పగ మింగేసి మూత తీశాను.

పప్పు మెత్తబడిపోయింది. వేయించాక పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెట్టకూడదు.