బొంబాయిలో మేం దిగని ఇల్లు

మా మనవరాలు దసరా సెలవులకు స్నేహితురాళ్లతో కలిసి బొంబాయి చూడటానికి పోతోంది. ముంబై అనాలని నన్ను రెండు మూడుసార్లు సరిదిద్దింది గాని, నా నోటికి పాత పేరే వస్తుంది. మొన్న సాయంత్రం కరీంనగర్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, ఏ పేటలో గది తీసుకుంటే పాత కట్టడాలకు దగ్గర, ఎక్కడైతే కిటికీలోంచి సముద్రం కనబడుతుంది, ఎక్కడ ఆడపిల్లలు భయం లేకుండా తిరగవచ్చు అని ఎవరెవరో రాసిన సలహాలన్నీ ఫోనులో చూసి నాకు చదివి వినిపించింది. కొలాబా బాగుంటుందట, దాదర్ అయితే ఎటు పోవాలన్నా సులువట. ఒక పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించి, ఈ కామాటిపురలో అసలు దిగొద్దని అందరూ రాశారు అమ్మమ్మా, అంది. నేను అవునా అన్నాను. 

నా వయసువాళ్లకు, మన సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు పుట్టినవాళ్లకు, ఆ పేరు కొత్త కాదు. మన తాతల కాలం నుంచి సున్నం కలిపి, రాళ్లు మోసి ఆ మహానగరపు మేడలు కట్టడానికి పోయిన మనవాళ్లు కాపురాలు పెట్టుకున్న పేట అది. తర్వాత కొన్ని గల్లీలలో సాగే ఆడవాళ్లను అమ్ముకునే వ్యాపారం వల్ల దానికి చెడ్డపేరు వచ్చి, మిగతా గల్లీలలో పిల్లాపాపలతో బతికే సంసారులందరి మీదా ఆ పేరే పడింది. నేను అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. మా అవ్వకు ఒక్కతే చెల్లెలు. మా చిన్నమ్మ పెండ్లయిన ఏడే మేస్త్రీ పని చేసే భర్త వెంట బొంబాయి పోయి, ఆయన కడుతున్న మేడ మీంచి పడి చనిపోయిన తర్వాత కూడా తిరిగి రాక, మన జిల్లాల నుంచి పనికి వచ్చిన మగవాళ్లకు రెండు పూటలా వండి పెడుతూ, ఆ కామాటిపురలోనే ఒక గదిలో ఉండేది. చిన్నాయన పోయినప్పుడు మా బాపు ఒక్కడే వెళ్లి వచ్చాడు. ఆ గల్లీలు చూసి వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో ఆ పేట పేరు ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. చిన్నమ్మ బొంబాయిలో ఉంటుందని మాత్రమే మా వాడకట్టుకు తెలుసు.

నాకు పందొమ్మిదేళ్లు నిండిన ఏడు అవ్వకు రొమ్ములో గడ్డ బయటపడింది. బయటపడింది అంటున్నాను గాని, అవ్వకు అది ఏడాదిగా తెలుసు. బీడీలు చుడుతూ చేటలోకి వంగినప్పుడల్లా నొప్పి పెడుతున్నా, ఆడవాళ్ల బాధ మగ డాక్టరుకు ఎట్లా చూపిస్తానని సిగ్గుపడి దాచుకుంది. చివరికి కరీంనగర్‌లో చూపిస్తే, ఆలస్యం చేశారు, హైదరాబాదైనా పోండి, బొంబాయైనా పోండి, కరెంటు పెట్టాలి అన్నారు. కరెంటు పెట్టడమంటే ఏమిటో మాకు ముగ్గురికీ తెలియదు, రేడియేషన్‌ను అట్లా అంటారని తర్వాత తెలిసింది. బాపు హైదరాబాదే దగ్గర కదా అన్నాడు. ఏనాడూ దేనికీ పట్టుబట్టని మా అవ్వ, బొంబాయే పోదాం, అంది. అక్కడ మందులు మంచివని విన్నదేమో అనుకున్నాం. బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని, చెల్లెను చూడక పదకొండేండ్లయింది బిడ్డా, అన్నప్పుడు గాని నాకు అసలు సంగతి అర్థం కాలేదు.

ఎక్కడ దిగాలన్నది మాత్రం ఇల్లు కదలకముందే బాపు తేల్చేశాడు. పరేల్‌లోని ఆసుపత్రికి చిన్నమ్మ గది ఇరవై నిమిషాల దూరం. అయినా మేం భివండిలో దిగాలి. భివండి అంటే బొంబాయికి అవతల, మరమగ్గాల ఊరు. మా సిరిసిల్లవాళ్లు సగం మంది అక్కడే సాంచాలు నడిపేవారు. బాపుతో ఒకప్పుడు కలిసి పనిచేసిన ఆయన కార్ఖానా వెనుక ఒక అర్ర ఇస్తానన్నాడు. అవ్వ ఒక్కసారి మాత్రం, చెల్లె దగ్గరైతే నాకు జర ఆసరా ఉంటది కదా, అంది.

బాపు కోపగించుకోలేదు. నా వైపు చూపించి, "గా పేరు చెప్పుకొని ఊళ్లె ఎట్ల తిరుగుతం? రేపు పిల్లను అడుగ వచ్చెటోళ్లు, బొంబాయిల యాడ దిగిండ్రని అడగరా?" అన్నాడు.

అప్పటికి జగిత్యాల నుంచి నాకు ఒక సంబంధం మాటల్లో ఉంది. అవ్వ లేచి మూటలు కట్టడం మొదలుపెట్టింది.

భివండిలో ఆ అర్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. గోడకు అవతల ఇరవై సాంచాలు పగలూ రాత్రీ ఆడేవి. మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి. కప్పు నుంచి, కిటికీ నుంచి నూలు పొట్టు రాలి, కుండలోని నీళ్ల మీద తెల్లగా తేలేది. సాంచాల చప్పుడులో పుట్టి పెరిగిన మాకు అది కొత్త కాదు గాని, జబ్బు మనిషికి అది వేరు. వారానికి అయిదు రోజులు తెల్లవారగానే లేచి, ఠాణా దాకా బస్సులో, అక్కడి నుంచి లోకల్ రైలులో నిలబడి పరేల్ పోవాలి. ఆ రైలులో ఎక్కడమే ఒక యుద్ధం. అవ్వ ఛాతీకి ఎవరి మోచేయి తగలకుండా నేను రెండు చేతులూ ఆమె చుట్టూ అడ్డం పెట్టి నిలబడేదాన్ని. రెండో వారానికి చర్మం కమిలి నల్లబడింది. రవిక తొడుక్కోలేక, చీర కొంగే రెండు మడతలు కప్పుకుని వచ్చేది. తోటి ఆడవాళ్లు మరాఠీలో ఏదో అడిగేవారు, నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో బీమార్ అని మాత్రం చెప్పేదాన్ని. ఒక్కొక్కరు జరిగి చోటిచ్చేవారు, ఒక్కొక్కరు ఇచ్చేవారు కారు.

చిన్నమ్మకు మేం వచ్చిన సంగతి నేనే కార్డు రాశాను. మూడో రోజు నుంచి ఆమె ఆసుపత్రి వరండాలో మా కంటే ముందే వచ్చి కూర్చునేది. నేను మనసులో ఎవరిని ఊహించుకున్నానో తెలియదు గాని, వచ్చిన మనిషి అచ్చం మా అవ్వే. అదే నుదురు, అదే నడక, ముతక నేత చీర, చేతిలో మూడు గిన్నెల టిఫిన్. మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు, అవ్వకు ఇష్టమని చింతచిగురు ఎక్కడ సంపాదించేదో ఏమో, రోజూ ఏదో ఒకటి తెచ్చి అక్కకు ముద్దలు కలిపి పెట్టేది. బాపు ఆమెను చూడగానే బయట చాయ్ హోటల్ దగ్గరికి పోయేవాడు. అవ్వ బొంబాయి ప్రయాణమంతా ఆ వరండా బెంచీ మీది గంటసేపట్లోనే ఉంది. వాళ్లిద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కూడా కాదు. చిన్నమ్మ అక్క తలలో దువ్వెన పెట్టి, నీరసానికి రాలుతున్న వెంట్రుకలు ఆమెకు కనబడకుండా చుట్ట చుట్టి తన కొంగున ముడి వేసుకునేది.

ఒకనాడు ఆమె బాపు దారికి అడ్డంగా నిలబడింది. "బావా, మీరు భివండిలనే ఉండుండ్రి. అక్కను, బిడ్డను నాకాడ ఇడిసిపెట్టుండ్రి. మా గల్లీల అందరు మనోళ్లే, సంసారులే. అక్క గీ రైళ్లల్ల తిరిగి తిరిగి సగమైపోయింది," అని అడిగింది. బాపు ఆమె మొహం చూడలేదు. గోడ మీది గడియారం చూస్తూ, బండి టైమైతుంది నడువుండ్రి, అని మాతో అన్నాడు. మా బాపు చెడ్డవాడు కాదు. అవ్వ కోసం ఆ నెలన్నరా సాంచాలు వదులుకుని వచ్చిన మనిషి. వెనక్కి వచ్చేటప్పుడు రైలులో ఆమె పాదాలు తన ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్క ఆ పేరు దగ్గరే ఆయన మనసు రాయి అయ్యేది, అదీ నా కోసమే.

నాలుగో వారంలో వానలు పట్టుకున్నాయి. ఆ రోజు కరెంటు పెట్టించుకుని బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. పట్టాల మీద నీళ్లు నిలిచి ఠాణా వైపు రైళ్లు ఆగిపోయాయన్నారు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. చిన్నమ్మ వాళ్ల వైపు మాత్రం బస్సులు ఇంకా నడుస్తున్నాయి. ఆమె గొడుగు అక్క మీద పట్టి, తాను తడుస్తూ, "గీ వానల యాడికి పోతరు బావా? ఈ ఒక్క రోజు నా మాట ఇనుండ్రి," అంది. బాపు స్టేషన్లో కూర్చుందాం, బండ్లు మొదలైతే పోదాం అన్నాడు. అప్పుడు అవ్వ ఆయనను అడగలేదు, చెల్లెలిని చూడలేదు. నా వైపు తిరిగి, "నువ్వేమంటవు బిడ్డా?" అంది.

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చిన్నమ్మ ఇంటికి పోదాం అని నేను అని ఉంటే బాపు ఒప్పుకునేవాడు. ఆయన అడ్డు చెప్పడానికి ఉన్న కారణం నేనే కదా, ఆ కారణమే వద్దంటే ఆయన దగ్గర ఇంకేమీ లేదు. నాకు ఆ క్షణంలో అది తెలుసు. కాని జగిత్యాల వాళ్లు పంపిన ఫోటో నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆ ఫోటోలోని మనిషి నాకు నచ్చాడు. "బాపు చెప్పినట్టే చేద్దామే అవ్వా," అన్నాను.

సాయంత్రం దాకా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. జల్లు కొట్టని చోటు దొరకలేదు. చిన్నమ్మ మా వెంటే వచ్చి, కొంచెం దూరంగా, పొద్దుగూకేదాకా నిలబడి, తన దగ్గర తినేవాళ్లకు వంట చేయాలి గనుక వెళ్లిపోయింది. మర్నాటికి అవ్వకు జ్వరం. అది దగ్గులోకి దిగి, ఊపిరి ఆడని స్థితి వచ్చి, కరెంటు ఆపేశారు. పది రోజులు చూసి, ఇప్పుడు ఒంటికి తట్టుకునే శక్తి లేదు, ఇంటికి తీసుకుపోండి, కోలుకుంటే మళ్లీ రండి అన్నారు. ఆ వాన తగలకపోతే అవ్వ బతికేదా అంటే చెప్పలేను. గడ్డ అప్పటికే ముదిరిందని డాక్టర్లు మొదటి రోజే చెప్పారు. అయినా నలభై ఏళ్లుగా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

బయలుదేరే ముందు రోజు, ఆసుపత్రి కాగితాలు తెస్తానని బాపుకు చెప్పి, చిన్నమ్మ టిఫిన్ గిన్నెలు తిరిగి ఇవ్వడానికి నేనొక్కదాన్నే కామాటిపుర వెళ్లాను. భయంతో తల వంచుకుని నడిచాను. ఆ గల్లీలో గడపల మీద కూర్చుని ఆడవాళ్లు మన యాసలోనే మాట్లాడుకుంటున్నారు, ఒక ముసలాయన పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాడు, ఎవరింట్లోనో జొన్నరొట్టె కాలుతున్న వాసన. చిన్నమ్మ గది మేడ మీద ఉంది. కిటికీ పక్కన నులక మంచం, దాని మీద ఉతికిన దుప్పటి, తలగడ, పక్కన మూత పెట్టిన నీళ్ల చెంబు. మంచం ఎవరిదని అడిగితే, అక్క వస్తదేమోనని కింది ఇంటోళ్ల కాడ అడిగి తెచ్చిన, నేను కింద పంటున్న, అంది. నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను ఖాళీ చేతులతో పంపకూడదని ఆ గిన్నెల్లోనే అటుకులు పోసి తిరిగి నాకే ఇచ్చింది.

అవ్వ సిరిసిల్లలో ఇంకో నెలా పది రోజులు ఉంది. పోయిన సంగతి బాపు చిన్నమ్మకు తెలపలేదు. నేను కార్డు రాశాను. ఆ కార్డు అందుకుని ఆమె వచ్చేసరికి కర్మ అయిపోయింది. ఆమె వచ్చిన రోజే జగిత్యాల వాళ్ల తరఫున ఒక పెద్దావిడ పరామర్శకు వచ్చి, మాటల్లో చిన్నమ్మను, "బొంబాయిల యాడుంటరమ్మా?" అని అడిగింది. బాపు చేతిలోని చాయ్ గ్లాసు అట్లాగే ఆగిపోయింది. చిన్నమ్మ తల ఎత్తకుండా, "పరేల్ల ఉంటనమ్మా, దవాఖాన పక్కకే. అక్క నాకాడనే ఉండె," అంది. ఆ పెద్దావిడ, చెల్లె ఉంటే అట్ల ఉండాలె, అని మెచ్చుకుంది. సాయంత్రం బస్సుకే చిన్నమ్మ వెళ్లిపోయింది. నా పెండ్లి పత్రిక ఆమెకు పంపలేదు. పంపుదామని నేను అడగనూ లేదు.

అత్తవారింటికి పోయిన నాలుగో నెలలో, ఒక రోజు భోజనాల దగ్గర మా మామగారు తన చిన్ననాటి కబుర్లు చెబుతూ, పెండ్లికి ముందు ఆరేండ్లు కామాటిపురలో ఉండి ఇటుకలు మోసిన సంగతి, అక్కడి మనవాళ్ల గల్లీలు, పండుగకు అందరూ కలిసి వండుకున్న వంటలు నవ్వుతూ చెప్పారు. మా అత్తగారు పచ్చడి వడ్డిస్తూ వింటున్నారు. ఎవరి మొహంలోనూ ఏమీ మారలేదు.  పుట్టింటికి పోయినప్పుడు బాపుకు చెప్పాను. ఆయన తెగిన పోగు అతుకుతూ, గట్లనా, అని ఒక్క మాట అన్నాడు. ఆ తర్వాత బతికిన పద్నాలుగేళ్లలో మళ్లీ దాని గురించి మాట్లాడలేదు.

చిన్నమ్మకు అప్పుడు రాశాను, క్షమించమని, ఒకసారి రమ్మని. కార్డు తిరిగి వచ్చింది. మా మామగారికి తెలిసినవాళ్లు వాకబు చేస్తే, గదిలో వేరేవాళ్లు ఉన్నారన్నారు. వంట చేసే ఆవిడ ఎటు పోయిందో ఒకరు ఒకటి చెప్పారు, ఒకరు ఒకటి చెప్పారు.

ఈ కాలం పిల్లలకు ఊరు కాని ఊళ్లో ఎక్కడ దిగాలో ముక్కూ మొహం తెలియనివాళ్లు చెబుతున్నారు, పిల్లలు నమ్ముతున్నారు, బహుశా క్షేమంగానే వెళ్లి వస్తున్నారు. మన కాలంలో మనం పోయిన చోటికి మన మనిషే వచ్చి నిలబడేది, నా ఇంటికి రమ్మని చేయి పట్టుకుని అడిగేది. అడిగిన ఆ మనిషి ఇప్పుడు లేదు. ఆమె ఎక్కడుండేదని ఎవరైనా అడిగితే నిజం చెప్పాలని నేను సిద్ధంగానే ఉన్నాను, కాని అడిగేవాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు.