రాళ్ల చెలక

ఏళ్ల తరబడి గుండెల మీద బండ మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. దేవుడికి చెప్పుకుందామన్నా నోరు రాలేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను, మీరైతే లేచి నన్ను కొట్టలేరు కనుక.

మల్లేశు, నేను జగిత్యాల వైపు ఒకే ఊరివాళ్లం. రియాద్‌లో ఒకే గది, ఒకే కంపెనీలో పైపుల పని. వాడు నన్ను బావా అనేవాడు. భార్య ఆపరేషన్‌కని ఊరి బయట ఉన్న మెట్ట చెలక అమ్ముతానన్నాడు. దాని పక్కనుంచే బైపాస్ రోడ్డు వస్తోందని మా తమ్ముడు అప్పటికే ఫోన్లో చెప్పాడు. ఆ మాట మింగేశాను. అది రాళ్ల చెలక, మేకలు కూడా మేయవు, నువ్వు కాబట్టి తీసుకుంటున్నానన్నాను. వాడు నా చేతులు పట్టుకుని, ఆదుకున్నావన్నాడు. కారుచౌకగా కొన్నాను. సిగ్గేసిందా? లేదు. తెలివైనవాణ్ననుకున్నాను.

ఏడాది తిరక్కుండానే రోడ్డు కోసం హద్దురాళ్లు పాతారు. ధర ఆకాశానికెక్కింది. మేమిద్దరం ఒక విల్లా మిద్దె మీద నీళ్ల ట్యాంకు బిగిస్తుండగా వాడికి ఆ కబురు ఫోన్లో వచ్చింది. ఫోన్ జేబులో పెట్టి నా దగ్గరకొచ్చాడు.

"బావా, రోడ్డు ముచ్చట నీకు ముందుగాల్నే ఎరుకనా?"

"ఎరుకే. అయితే ఏందిరా? అమ్మింది నువ్వే గదా."

వాడు నా కాలరు పట్టుకున్నాడు. నా చేతిలో పైపు పానా ఉంది. కొట్టాను. అడ్డం పెట్టిన కుడిచెయ్యి విరిగిన చప్పుడు వినపడింది. కాలరు వదిలేసి కూలబడ్డాడు. అక్కడితో ఆగి ఉంటే కోపంలో జరిగిందని సరిపెట్టుకునేవాణ్ని. ఆగలేదు. పడి ఉన్నవాణ్ని అదే చేతి మీద మళ్లీ కొట్టాను. ఎందుకు? వీడు ఊరెళ్లి పంచాయితీ పెడితే చెలక చేజారుతుందని, ఒక్క దెబ్బతో భయపడడేమోనని, వాడి రక్తం నా బూట్ల మీదికి వస్తున్నా సరే ఆ లెక్కే వేసుకుంటూ కొట్టాను.

నిచ్చెన జారి పడ్డాడని ఫోర్‌మన్‌కి హిందీలో చెప్పాను. నిజం బయటపెడితే ఇద్దరినీ జైల్లో వేసి, ఆపైన పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి తోలేస్తారని వాడి చెవిలో బెదిరించాను. భార్య మందులు గుర్తొచ్చాయేమో, వాడూ నిచ్చెనేనన్నాడు. చెయ్యి సరిగా అతకలేదు. కంపెనీ ఎలాగూ ఖురూజ్ కొట్టింది. పానా పట్టలేనివాడితో వాళ్లకేం పని?

ఆ చెలక ఇప్పుడు ప్లాట్లయింది. ధర పెరిగిందని తమ్ముడు చెప్పినప్పుడల్లా ముందు సంతోషమే కలుగుతుంది. ఆ తర్వాతే మల్లేశు గుర్తొస్తాడు. తిరిగిచ్చేయొచ్చు కదా అంటారు. ఇవ్వను. ఇచ్చే మనిషినైతే రెండోసారి కొట్టేవాణ్నే కాదు. క్షమించమనీ అడగను. ఆ రెండో దెబ్బ భూమి కోసం కొట్టాను. ఈ ముక్క రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.