సీటు వెనక రెండు సీసాలు

ట్రయథ్లాన్ సైకిలుకి స్టాండుండదు, క్యారేజీ ఉండదు, బెల్లుండదు. మంచినీళ్ళ సీసా పెట్టుకోవడానికి సరైన చోటు కూడా ఉండదు. గాలిని కోసుకుంటూ పోవడానికి చేసిన బండి అది. తొక్కేవాడికి దాహం వేస్తుందన్న సంగతి చేసినవాళ్ళకి ఆఖర్న గుర్తొచ్చినట్టుంటుంది. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మోజు తీరి అమ్మేస్తుంటే, నేను మోజు పుట్టి కొన్నాను. అప్పటికి నాకు నలభై ఏళ్ళు. ఏలూరులో ఇన్సూరెన్సు ఆఫీసు గుమాస్తాని. పొట్ట తగ్గించుకోమని, రోజూ కాస్త నడవమని డాక్టరు చెప్తే, ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే పూట చేసే పోటీకి చెన్నైలో పేరిచ్చి వచ్చాను. ఈత కాలవలో నేర్చుకున్నాను. అక్కడ గేదెలు నన్ను దాటుకుని వెళ్ళిపోతుండేవి.

తాడేపల్లిగూడెంలో మా అన్నయ్యకి సైకిలు షాపు. ఆ ఏడాదే అన్నయ్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు వదినతో బస్సెక్కి ఏలూరొచ్చి డయాలసిస్ చేయించుకుని వెళ్ళేవాడు. ఇలా ఎంతకాలం నెట్టుకొస్తారో చెప్పలేమని, రక్తసంబంధీకులెవరైనా ఒక కిడ్నీ ఇస్తే మనిషి నిలబడతాడని డాక్టరు అన్నాడు. అమ్మా నాన్నా లేరు. వదినది గ్రూపు కలవలేదు. కలిసేది నాదే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అడగవలసినవాడు అడగడు. ఇవ్వవలసినవాడే తనంతట తను అనాలి. అది మా మర్యాద.

నేను అనలేదు. ముందు పోటీ అయిపోనీ, అనుకున్నాను. ఇన్సూరెన్సు ఆఫీసులో పదిహేనేళ్ళు చేసినవాడికి వాయిదా వెయ్యడం ఎవరూ నేర్పనక్కర్లేదు. భయమా అంటే భయం కూడా కాదు. ఆ సైకిలు మీద గంటసేపు ముందుకి వాలి కూర్చుంటే అరచేతులు మొద్దుబారతాయి, తరవాత పాదాలు, తరవాత చెప్పుకోకూడని చోటు. దిగాక అరగంటకి అవన్నీ మామూలవుతాయి. లోపల ఇంకొకటేదో మాత్రం మామూలు కాలేదు. నేను పట్టించుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే కైకలూరు రోడ్డు మీద కొల్లేట్లోకి వెళ్ళాను. అటూ ఇటూ కనుచూపు మేర నీళ్ళే, గుక్కెడు తాగడానికి పనికిరావు. లంక ఊళ్ళవాళ్ళే మంచినీళ్ళు టిన్నుల్లో తెచ్చుకుంటారు. అందుకని మూడు సీసాలు పెట్టుకున్నాను. ఒకటి హ్యాండిలు మీద రెండు చేతుల మధ్య, రెండు సీటు వెనక. స్పేరు ట్యూబు, టైరు విప్పే లివర్లు, ప్యాచీలు ఒక పాత మేజోడులో కుక్కి సీటు కింద కట్టాను. మొదటి గతుక్కే వెనక సీసా ఒకటి ఎగిరిపోయింది. గట్టు మీద బాతులు మేపుతున్న ఒకాయన కేకేశాడు.

"ఏవండీ! ఆగండి! మీ బండి గుడ్డెట్టిందండీ!"

నేను ఆగి వెనక్కొచ్చేలోగా సీసా దొర్లుకుంటూ గుర్రపుడెక్కలోకి దిగిపోయింది. రెండోది ఎప్పుడు పడిపోయిందో తెలియలేదు. మేజోడు ఎప్పుడు తెగిందో అంతకన్నా తెలియలేదు. ముందు టైరు పంచరయ్యాక, సీటు కింద చెయ్యి పెట్టి చూసుకుంటే ముడి మాత్రం మిగిలుంది. ఆ గాజులాంటి సైకిల్ని నడిపించుకుంటూ ఎనిమిది కిలోమీటర్లు నడిచాను. డాక్టరు చెప్పిన నడక అలా పూర్తయింది.

కొత్త ట్యూబు వేయించుకుని, పోయిన సీసాలు, స్పేరు ట్యూబు, లివర్లు మళ్ళీ కొనుక్కుని, పై ఆదివారం తాడేపల్లిగూడెం తొక్కుకుంటూ వెళ్ళాను. సీసాలకి అన్నయ్య చేత ఏదైనా ఏర్పాటు చేయించుకోవాలని. భీమడోలు దాటాక ఇంకో పని కూడా చెయ్యాలనిపించింది. ఉంగుటూరు దగ్గర, ఇవాళ అనేద్దాం అని పైకే అనుకున్నాను.

అన్నయ్య షాపు ముందు స్టూలు మీద కూర్చుని రిమ్ము తిప్పుతున్నాడు. మొహం ఉబ్బి ఉంది. పక్కన నా పాత సీసా ఒకటి. దాని మీద కొలత గీతలుంటాయని కిందటిసారి అడిగి తీసుకున్నాడు. రోజుకి ముప్పావు లీటరు మించి తాగకూడదన్నారు. పొద్దున్నే అది నింపుకుంటాడు, అదే ఆ రోజుకి. నా బండికున్న సీసాలు లెక్కపెట్టి, "మూడ్రోజుల నీళ్ళు మూడు గంటల్లో తాగేసొచ్చావురా" అన్నాడు. వెటకారం కాదు, మెచ్చుకోలు.

పంచరు కోసం వచ్చిన పెద్దాయన ఒకాయన నా బండి చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"మేస్త్రిగారూ, దీనికి క్యారేజీ లేదేంటండీ?"

"ఉండదండీ."

"స్టాండో?"

"అదీ ఉండదండీ."

"మరి ఏవుందండీ?"

"మా తమ్ముడున్నాడండీ" అన్నాడు అన్నయ్య.

పాలవాళ్ళు క్యాన్లు తగిలించుకునే కమ్మీ ముక్క ఒకటి తీసి, వంచి, సీటు పట్టాలకి బోల్టులతో బిగించాడు. సీసాలు నిటారుగా ఉంటే గతుకు తగిలినప్పుడు బాణాల్లా లేస్తాయని కాస్త వెనక్కి వాల్చాడు. పాత లారీ ట్యూబులోంచి రెండు రబ్బరు పట్టీలు కోసి మెడ దగ్గర బిగించాడు. స్పేరు ట్యూబుని గట్టిగా చుట్టి, లివర్లు మధ్యలో దోపి, రెండు సీసాల నడుమ తోలుపట్టీతో కట్టాడు. ఆ పొడుగు వాల్వు ట్యూబు గూడెంలో దొరకదని, ఇంకొకటి కూడా పెట్టుకోమని చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఆయాసపడ్డాడు. సీసా తీసి ఒక గీత మేర తాగి, మూత బిగించాడు.

అంతసేపూ నేను నీళ్ళు నమిలాను. మా ఇద్దర్లో నీళ్ళు నమలడానికి డాక్టరు అడ్డు చెప్పనిది నాకే. ఆఖరికి అన్నాను.

"అన్నయ్యా, నా కిడ్నీ ఒకటి తీసుకో."

అన్నయ్య పానా పక్కన పెట్టలేదు. "వద్దురా" అన్నాడు. "నడిచే బండిలోంచి సామాను పీకి ఇంకో బండికి వెయ్యకూడదు. మన షాపులో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు."

"సరే" అన్నాను.

మా గోదావరి పక్క మొదటిసారి వద్దంటే వద్దని కాదు. మళ్ళీ అడగమని. రెండోసారి అంటే ఇంకాస్త గట్టిగా అడగమని. మూడోసారికి లేచి చెయ్యి కడుక్కుని విస్తరి ముందు కూర్చుంటారు. పుట్టినప్పట్నించీ అందరికీ తెలిసిన విషయం ఇది. అదే రోజు, ఆ మాటైన పావుగంటకి, వదిన తలుపు దగ్గరకొచ్చి, "మరిదిగారూ, పెసరట్టు వేస్తాను, లోపలికి రండి" అంది.

"వద్దు వదినా, ఆకల్లేదు."

"అంత దూరం తొక్కుకొచ్చి ఆకల్లేకపోవడమేంటండీ. ఒక్కటే."

"నిజంగా వద్దు."

"పిండి రుబ్బేశానండీ, రండి."

వెళ్ళి నాలుగు తిన్నాను. ఉప్మా కూడా వేయించుకున్నాను. వదిన వడ్డిస్తూ నా మొహంలోకి ఒకసారి చూసింది. షాపులో మాటలు వంటింట్లోకి వినిపిస్తాయి. అన్నయ్య వచ్చి గుమ్మానికి ఆనుకుని నుంచున్నాడు. తిన్నంతసేపు నుంచున్నాడు. ఇంకొక్కసారి అడగడానికి అది చాలినంత సమయం. చట్నీ బాగుందని చెప్పి బయల్దేరాను.

తిరుగుదారిలో గతుకులన్నీ కావాలని ఎక్కించి చూశాను. సీసాలు కదల్లేదు. నాకు తేలిగ్గా అనిపించింది, ఆ తేలికకి సిగ్గు కూడా వెయ్యలేదు. అడిగాను, వద్దన్నాడు, అని కైకరం నుంచి ఏలూరుదాకా పెడల్ పెడల్‌కీ అనుకున్నాను.

ఆరు వారాల తరవాత పోటీ అయింది. సముద్రంలో ఉప్పునీళ్ళు మింగాను. సైకిలు పోటీలో అందరి సీసాలూ రోడ్డు మీద దొర్లుతుంటే, నావి రెండూ లారీ రబ్బరులో కదలకుండా కూర్చున్నాయి. పరుగులో నా వెనక అంబులెన్సు తప్ప ఎవరూ మిగల్లేదు. దాని డ్రైవరు ఓపిగ్గా వచ్చాడు. గీత దాటాక మెడలో ఒక పతకం వేశారు. సంతోషం వస్తుందేమోనని కాసేపు కూర్చుని చూశాను. తరవాత స్టేషనుకి ఆటో మాట్లాడుకున్నాను.

ఏలూరులో దిగిన రోజు మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళాను. అన్నయ్య డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. వదిన పక్కన కుర్చీలో ఉంది. అంతకుముందుకన్నా చిక్కిపోయి, మొహం మాత్రం ఉబ్బి, అన్నయ్య ఇంకెవరోలా ఉన్నాడు. ఈసారి నేను నీళ్ళు నమలకుండా చెప్పాను.

"కిడ్నీ ఇస్తాను అన్నయ్యా. వద్దనకు. రేపే పరీక్షలకి వెళ్దాం."

అన్నయ్య మిషను వంక చూశాడు. "గుండె నీరసపడిందన్నార్రా. ఆపరేషన్ తట్టుకోలేదంట. పోయిన వారం చెప్పారు."

"పోయిన వారమా?"

"ఆఁ. అంతకుముందైతే చూసేవాళ్ళంట." అనకూడనిది అనేసినట్టు వెంటనే, "నువ్వేం చేస్తావులే. వద్దన్నది నేనే కదా" అన్నాడు.

వదిన ఒళ్ళోని తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. నా వైపు చూడలేదు.

నిజంగానే వద్దనుకున్నావా అని అడగొచ్చు. అడిగితే అన్నయ్య అబద్ధం చెప్తాడు, లేకపోతే చెప్పడు. రెండిట్లో ఏది వినడానికీ నాకు ధైర్యం లేదు. గొట్టాల్లో అన్నయ్య రక్తం వెళ్తోంది, వస్తోంది. డయాలసిస్ అయ్యేదాకా మంచం పక్కనే నుంచున్నాను.

"కూచోరా, నిన్ననేగా అంత పరిగెత్తావు. కాళ్ళు నొప్పి పుట్టడం లేదూ?" అన్నాడు.

లేదని చెప్పాను. నిజంగానే ఏమీ తెలియడం లేదు.