ముందే కాచిన పాలు

మా బడిలో భూగోళం చెప్పే అయ్యవారికి రాజధానుల పేర్లు వల్లె వేయించడమంటే గిట్టేది కాదు. గోడకు పటం తగిలించి, బెత్తం ఒక దేశం మీద ఆనించి, "ఈ దేశంలో మీ ఈడు పిల్లోళ్లు పొద్దున్నే లేచి ఏం చేస్తారో చెప్పండి" అని అడిగేవారు. మాది నగరి. క్లాసులో సగం మందిమి మగ్గం ఇళ్ల పిల్లలం. అందరం ఒక్క గొంతుతో "నూలు కండెలు చుడతారు" అనేవాళ్లం. పొద్దున లేస్తే మాకు తెలిసిన పని అదే. ఆయన నవ్వి, "ఆస్ట్రేలియాలో ఆవుల్ని పితుకుతారు. మనకు ఎండలు మండేటప్పుడు వాళ్లకు చలి. వణుక్కుంటానే పితుకుతారు" అనేవారు. ఆ పిల్లలు నాకు కళ్లకు కట్టినట్టు కనపడేవాళ్లు.

అదే బడిలో ఆరోగ్యశాస్త్రం అని ఇంకో పాఠం ఉండేది. ఉండేదంటే టైంటేబుల్లో ఉండేది, శుక్రవారం చివరి గంట. పెద్ద పరీక్షలో దానికి మార్కులు లేవు కాబట్టి హెడ్మాస్టరు ఆ గంటలో లెక్కలు చేయించేవాడు. పుస్తకం మాత్రం అందరిచేతా కొనిపించాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడం కూడా లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన తర్వాత కరువు వచ్చింది. వానల్లేవు, నూలు లేదు, మగ్గాలు మూలపడ్డాయి. మా నాయన కూలి వెతుక్కుంటూ మద్రాసు దారి పట్టాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, ఏడాది నిండని తమ్ముడు మిగిలాం. గంజి తాగి బతికే అమ్మకు పాలెక్కడివి? తమ్ముడు చప్పరించి, పాలు రాక ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేశాడు. ఏడుపు మానిన బిడ్డను చూస్తే ఎంత భయమో చూసినవాళ్లకే తెలుస్తుంది.

అప్పుడు బడికి పాలపొడి డబ్బాలు వచ్చాయి. ఏదో ధర్మసంఘం పంపిందన్నారు. ఉండ కట్టకుండా అండాలో వేన్నీళ్లు పోసి కలిపి మా గ్లాసుల్లో పోసేవాళ్లు. ఊళ్లో పుకార్లకు మాత్రం కరువు రాలేదు. గుర్రం పాలని కొందరు, ఎముకల పొడి అని కొందరు. అయ్యవారు ఒక డబ్బాను బల్ల మీద పెట్టి ఆ గంటంతా దాని గురించే చెప్పారు. "ఇది ఆస్ట్రేలియాది. యుద్ధంలో వాళ్ల కొడుకులూ పోయినారు. వాళ్లకూ రేషనే. అయినా మన పిల్లోళ్ల కోసం ఓడకెక్కించినారు. మనమెవురో వాళ్లకు తెలీనే తెలీదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎక్కడో ఎవరో మమ్మల్ని తలుచుకున్నారని మొదటిసారి అనిపించింది.

పసిబిడ్డలున్న ఇళ్లకు పొట్లాలు కూడా ఇస్తామన్నారు. అవ్వ వాటిని గడప తొక్కనివ్వనంది.

"యా దేశమో, యా ఆవో, యెవురు పితికినారో! దాన్ని బిడ్డ గొంతులో పోస్తారా?"

"మన మాదిరి పిల్లోళ్లే పితికినారంట అవ్వా. వాళ్ల తమ్ముళ్లు తాగేదీ ఆ పాలేనంట."

"ఊరు దాటి ఎరగని ఆడపిల్లవి, దేశాల సంగతి నువ్వు సెప్తావా?"

"అయ్యోరు సెప్పినారు. వాళ్ల బిడ్డలు పోయినా మన బిడ్డల కోసం పంపించినారంట."

అవ్వ తమ్ముడి డొక్క తడిమి చూసింది. తర్వాత "వాళ్లూ తల్లులే గదా" అని పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి వచ్చింది. పొట్లం కొంగున ముడేసుకుని, "కాసి పోయాల్నా అయ్యోరా?" అని అడిగింది. ఆ కరువులో కట్టెపుల్ల కూడా కొనుక్కోవాల్సిందే. అయ్యవారు తనకు తెలిసింది చెప్పే సంతోషంలో ఉన్నారు. "అక్కర్లేదమ్మా. ఆ దేశంలోనే కాచి, ఇగరబెట్టి పొడి చేసినారు. ఇవి ముందే కాచిన పాలు. నీళ్లు కలిపి పోస్తే సరిపోతుంది" అన్నారు. ఆయన మంచివాడు. పాల గురించి ఆయన చెప్పిందీ నిజమే. నీళ్ల సంగతి ఆయనకు తట్టలేదు.

మా వీధి బావి అప్పటికి అడుగంటింది. అమ్మ ఆ నీళ్లను కొత్త గుడ్డ మడతలేసి రెండుసార్లు వడగట్టింది. కంటికి తేటగానే ఉన్నాయి. పొడి కలిపి కవ్వంతో చిలికి, ఉగ్గుగిన్నెతో పోసింది. తమ్ముడు గుటకలు వేస్తుంటే మా ముగ్గురికీ నవ్వు ఆగలేదు. వాడు కాళ్లు కూడా ఆడించాడు. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. నీరసపడుతున్నాడని అమ్మ ఆ పాలే ఇంకా ఇంకా పోసింది. వారం తిరక్కుండానే పోయాడు.

అవ్వ మిగిలిన పొడిని తీసుకుపోయి దిబ్బలో కుమ్మరించింది. "పరాయోళ్ల పాలు మనకు పడతాయా" అంది. వీధి వీధంతా అదే మాట. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ పిల్లలకు ఆ పాలు పోయలేదు. ఆ ఎండాకాలంలో ఇంకొందరు పసివాళ్లు ఏ పాలూ లేకుండానే పోయారు.

మరుసటేడు ఇన్స్పెక్టరు వస్తున్నాడని తెలిసి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, హెడ్మాస్టరు ఆరోగ్యశాస్త్రం పుస్తకాలు బయటికి తీయించాడు. చెప్పే పని భూగోళం అయ్యవారి మీదే పడింది. ఆయన తాగే నీళ్ల పాఠం గట్టిగా చదవడం మొదలుపెట్టారు. వడగడితే మురికి పోతుంది గాని, కంటికి కనపడని క్రిములు కాచితేనే చస్తాయని అందులో ఉంది. పసిబిడ్డలకిచ్చే నీళ్లు తప్పక కాచాలని ఉంది. అక్కడ ఆయన ఆగారు. నా వైపు చూశారు. "మిగతాది మీరే చదువుకోండి" అని పుస్తకం మూసి బయటికి వెళ్లిపోయారు. నేను చదివాను.

ఆ పాఠం అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత నా బిడ్డకు డబ్బా పాలు కలుపుతుంటే అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు పాపా. ఆ దేశాల పాలు మనోళ్లకు పడవు. నీ తమ్మున్ని సంపింది అవే."

ఏ పాపమూ ఎరగని వాళ్ల మీద పడిన నింద అది. దాన్ని తుడవాలంటే అమ్మకు నీళ్ల సంగతి చెప్పాలి. ఆ నీళ్లు తోడింది, వడగట్టింది, బిడ్డ నోట్లో పోసింది తనే. "సరేలేమ్మా" అని డబ్బా పైన పెట్టేశాను. పోయేదాకా అమ్మ ఆ దేశాన్ని తిడుతూనే ఉంది. నేను తిట్టనిచ్చాను.