అమ్మకు బస్సెందుకు వద్దంటే

దసరా సెలవుల్లో రెండు రోజులు ఎటైనా పోయి రావాలన్నది మామ ఆలోచన. మామ అంటే అమ్మకు తమ్ముడు. ఇంకా పెళ్లి కాలేదు, ప్రొద్దుటూరులో మా మేడ మీద గదిలోనే ఉంటాడు. మొదట జమ్మలమడుగు, అక్కడి నుంచి గండికోట చూసి రాత్రికి జమ్మలమడుగులోనే పెద్దమ్మ ఇల్లు, మర్నాడు పులివెందుల. పులివెందులలో అమ్మతో కలిసి హాస్టల్లో చదువుకున్న స్నేహితురాలు ఉంది. పెళ్లిళ్లయ్యాక ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకోవడమే గాని ఎదురుపడింది లేదు. ఆ ఊరి పేరు వినగానే అమ్మ బీరువాలోంచి చీర తీసి ఇస్త్రీకి పంపింది. నాయనకు సెలవు దొరకలేదు కాబట్టి మేం ముగ్గురమే.

ఎట్లా పోవాలన్న దగ్గర పేచీ వచ్చింది. మామ బస్సన్నాడు. నేను రైలన్నాను. నేను ఒక మాట మీద నిలబడటం ఇంట్లో ఎవరూ చూడలేదు. అందరూ నావైపు తిరిగేసరికి చెవులు వేడెక్కాయి.

మామ చెప్పింది సబబే. బస్సులు వస్తూనే ఉంటాయి. ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్టు కూడా లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. రైలు కోసం ఊరి బయటి స్టేషనుకు పోయి కాచుకోవాలి.

"జమ్మలమడుగు దాకా రైలెక్కుతావు, సరే. పులివెందులకు పట్టాలెవురేసినారు పాపా? నువ్వేస్తావా?" అన్నాడు.

ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు దాకా రైల్లో పోవచ్చని ఫోన్లో చూసి పెట్టుకున్నాను. గొణుగుతున్నట్టు అదీ చెప్పాను. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపిస్తాండావే అని నవ్వాడు. బస్సే ఖాయమైంది.

మర్నాడు అమ్మ, తనకు ఓపిక లేదు, మీరిద్దరూ పోయి రండి అంది. ఇస్త్రీ నుంచి వచ్చిన చీరను మళ్లీ బీరువాలో పెట్టేసింది.

ఓపిక లేక కాదని నాకు తెలుసు. పోయినేడు అమ్మకు షుగర్ బయటపడింది. అప్పటి నుంచి మాటిమాటికీ బాత్రూముకు పోవాలి. రైల్లో అయితే పెట్టె చివర ఉంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు. బస్సులో ఆపమని డ్రైవరుకు వినపడేట్టు చెప్పాలి. నిండు బస్సు తిరిగి చూస్తుంది. అందుకని బస్సెక్కాల్సిన రోజు అమ్మ పొద్దుటి నుంచీ నీళ్లు ముట్టదు. ఎండాకాలం మైదుకూరులో పెళ్లికి అట్లాగే పోయి, పందిట్లో కళ్లు తిరిగి కూలబడింది. ఎండదెబ్బ అనుకున్నారు అందరూ. నాకొక్కదానికే అసలు సంగతి చెప్పి, ఎవరితోనూ అనొద్దంది.

మామకు చెప్పకపోతే అమ్మ రాదు. చెబుదామని మేడ మెట్లెక్కేదాన్ని. మామ ఏంది అన్నట్టు తలెత్తేవాడు. ఆరేసిన బట్టలు తీసుకుని దిగి వచ్చేదాన్ని. కొన్నిసార్లు అవి ఇంకా ఆరి కూడా ఉండేవి కావు. పుస్తకం పట్టుకుంటే చదివిన పేజీయే మళ్లీ చదువుతున్నాను. డైరీలో మాత్రం మామతో అనాల్సిన మాటలన్నీ పొందిగ్గా వచ్చాయి.

బయలుదేరే పొద్దు వచ్చింది. మా ఇళ్లలో ప్రయాణానికి ముందు చాప మీద కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తాం. రానన్న అమ్మ కూడా వచ్చి కూర్చుంది. మామ ముగించాడు. నా వంతు. చిన్నప్పటి నుంచి నావి అవే రెండు మూడు వాక్యాలు, ఎవరికీ వినపడని గొంతుతో. కళ్లు మూసుకుంటే ఎదురుగా ఎవరూ లేనట్టే అనిపించింది.

"ప్రేమగల తండ్రీ, మా ప్రయాణమంతటిలో తోడుగా ఉండుము," అన్నాను. ఆ తర్వాత ఆ భాష అందలేదు. "మా అమ్మకు ఓపిక ల్యాక కాదు ప్రభువా. షుగరుండాది, మాటిమాటికీ లేచి పోవాల. బస్సు ఆపమని అడగల్యాక నీళ్లు తాగేది మానేస్తాది. అందుకే రానంటాంది. మామకు చెప్పేకి నాకు నోరు రాల్యా. నీకు చెప్తాండా."

ఆమేన్ అనడం మరిచిపోయాను. ఎవరూ అనలేదు. అమ్మ మోకాలు నా మోకాలిని ఆనుకుని ఉంది, అది కదల్లేదు. కళ్లు తెరవాలంటే భయమేసింది.

అప్పుడు మామ మళ్లీ ప్రార్థన అందుకున్నాడు.

"తండ్రీ, ఈ పిల్ల ఇన్ని దినాలూ రైలు రైలని నా పానం తీసి, అసలు సంగతి ఇప్పుడు చెప్తాంది. పులివెందులకు ఒకే బస్సు వద్దులే. ముద్దనూరులో దిగుతాం. మా యక్కకు ఎంతసేపైనా కానీ, ఇంగో బస్సెక్కుతాం. ఆడ బాత్రూములు మాత్రం నువ్వే కడిగించి పెట్టు. ఆమేన్."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని చూశాను. నవ్వుతోంది. తర్వాత నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"ఎవురికీ చెప్పొద్దంటి గదే. నోట్లో నువ్వుగింజ నానదా నీకు?" అని, లేచి బీరువా దగ్గరకు పోయింది.

జమ్మలమడుగు దగ్గరే కాబట్టి మొదటి రోజుకు ఇబ్బంది లేదు. రెండో రోజు ముద్దనూరు దాకా నేను కిటికీలోంచి ఒక్క చెట్టును కూడా చూడలేదు. బస్సు కిక్కిరిసి ఉంది. అమ్మ ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. ఏంది అట్లా చూస్తాండావు, నేనేమన్నా పారిపోతానా అంది.

ముద్దనూరులో దిగి అమ్మ బాత్రూముల వైపు పోగానే పులివెందుల బస్సు వచ్చింది. మామ మెట్టు మీద ఒక కాలు పెట్టి కండక్టరును బతిమాలుతున్నాడు. నేను బస్సుకూ బాత్రూముల గోడకూ మధ్య తిరుగుతున్నాను. లోపలికి కేక వేద్దామని గోడ దాకా పోయి, వేయకుండానే తిరిగి వచ్చాను. మామ కాలు దించాడు. బస్సు కదిలింది.

అప్పుడు వచ్చింది అమ్మ, ముఖం కడుక్కుని, నిదానంగా. పోతున్న బస్సును చూసింది, మా ఇద్దరినీ చూసింది.

"పోనీలే. పులివెందుల యమ్మి ఇంట్లోనే ఉంటాది, యాడికి పోతాది," అని సిమెంటు బల్ల మీద కూర్చుంది.

మామను చక్కెర లేని టీ తెమ్మంది. నిలబడి చేసేదేముందని నన్ను పక్కకు లాక్కుంది. కూర్చున్నాను గాని నా కాలు ఆడుతూనే ఉంది. అమ్మ దాని మీద చెయ్యి వేసి, రెండో చేత్తో టీ మొత్తం తాగి, ఇంకో గ్లాసు దొరుకుతుందేమో చూడమని మామను మళ్లీ పంపింది.