దీక్ష రోజున బిర్యానీ ఫొటో

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో మా క్యాంపస్‌లో రిలే నిరాహార దీక్షలు జరిగేవి. పొద్దున దండ వేసుకుని టెంటులో కూర్చోవడం, సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే తాగి లేవడం, మర్నాడు ఇంకో జట్టు. ఒక గురువారం నా క్లాస్‌మేట్ వంతు వచ్చింది. వాడిది నల్లగొండ వైపు పల్లె, ఉండేది హాస్టల్లో. మాది కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. మా ఇద్దరికీ ఆ తేడా పట్టేది కాదు గానీ, టెంటులో మాత్రం నేను వెనక వరసలో నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుంది.

ఇంటర్నెట్‌లో వాడికి ఖాతా తెరిచింది నేనే. పాస్‌వర్డ్ కూడా నాకే తెలుసు.

"దండేసుకున్న ఫొటోలు మంచిగ పెట్టురా, మా ఊరోళ్లు చూస్తరు" అని ఆ పొద్దున వాడు తన ఫోను నా చేతికిచ్చాడు. నేను తార్నాకలో నెట్ సెంటర్‌కి వెళ్లి, అందులో ఉన్నవన్నీ ఒకేసారి ఎక్కించేశాను. ఒక్కొక్కటీ చూసి ఏరే ఓపిక నాకెప్పుడూ లేదు. దండల ఫొటోల మధ్య, ముందు రోజు హోటల్లో వాడు లెగ్ పీసు కొరుకుతుండగా నేను తీసిన ఫొటో కూడా వెళ్లింది. కింద పడ్డ తేదీ మాత్రం ఎక్కించిన గురువారానిదే.

క్యాంపస్‌కి తిరిగొచ్చేసరికి అందరి ఫోన్లలో అదే. "మాకూ ఓ ప్లేటు పంపున్రి" అని ఒకడు రాశాడు. టెంటు వెనక బిర్యానీ గిన్నె దొరికిందని ఇంకొకడు. రైతా కూడా ఉందని మూడోవాడు.

తీసేద్దామని పరుగెత్తాను. గేటు దగ్గర లాఠీచార్జీ అయిందట, తార్నాక అంతా షట్టర్లు దింపేశారు. నెట్ సెంటర్ ఓనరు బతిమాలగా బతిమాలగా మోకాలెత్తు లేపాడు. పాకుతూ దూరి ఫొటో తీసేశాను. కాసేపటికే "దొరికిపోయి తీసేసిండు" అనే మాటతో అది మళ్లీ పది చోట్ల కనిపించింది.

అన్నానికి ఇంటికి వెళ్తే టీవీలో కింద స్క్రోలింగ్: దీక్షా శిబిరంలో విందు.

"చూశావుట్రా మీ వాళ్ల దీక్ష!" అని నాన్న పగలబడి నవ్వారు. అమ్మ పెరుగు వడ్డించింది. నేనూ నవ్వాను. కడుపునిండా తిన్నాను కూడా.

సాయంత్రం టెంటులో విద్యార్థి నాయకుడు మైకు పట్టుకుని వాణ్ణి నిలదీశాడు. "నీ ఫోను ఎవరి చేతుల ఉండె? ఎవడన్న కావాలని చేసిండా? పేరు చెప్పు, అయిపోతది."

ఒక్క పేరు చెబితే వాడి పరువు దక్కేది. నా సంగతి మాత్రం ఆ జనం చూసుకునేవాళ్లు. వాడు వెనక వరస వైపు చూశాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను.

"ఎవలు చెయ్యలే. నేనే పెట్టిన. గది నిన్నటి ఫొటో" అన్నాడు.

"నిన్నటిదని సాక్ష్యమేంది?"

సాక్ష్యం నేనే. ఫొటో తీసింది నేనే, ఎదురుగా కూర్చుని తిన్నదీ నేనే. లేవలేదు.

"సాక్ష్యం లేదు" అన్నాడు వాడు. "ఇయ్యాల నిమ్మరసం తాగ. రేపు గూడ గీడనే కూసుంట. ఎల్లుండి గూడ."

కూర్చున్నాడు. పెదవులు పగిలాయి, కళ్లు లోపలికి పోయాయి. ప్లేటు అడిగినవాడే ఇప్పుడు జిందాబాద్ అని రాశాడు. స్క్రోలింగ్‌లో 'మూడో రోజుకు చేరిన దీక్ష' అని వచ్చింది. నేను రోజూ వెళ్లి నా చోట కూర్చున్నాను. భయం లేదు, సిగ్గు కూడా లేదు. చేతి మీద పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుందే, అలా మనిషి మొత్తం తిమ్మిరెక్కి ఉన్నాను.

శనివారం సాయంత్రం నాయకుడు నిమ్మరసం తెచ్చాడు. వాడు తల అడ్డంగా ఊపి, వెనక వరస వైపు వేలు చూపించాడు.

"వాడిస్తే తాగుత."

జనం దారి ఇచ్చారు. వెళ్లి గ్లాసు అందించాను. చిన్నచిన్న గుక్కలుగా తాగాడు. నా చెవి దగ్గరికి వంగి, "పాస్‌వర్డ్ నీ దగ్గర్నే ఉండనీరా, నాకు యాదికుండది" అన్నాడు.

మైకు నా మోచేతి పక్కనే ఉంది, ఆన్‌లోనే ఉంది; నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నేను ఖాళీ గ్లాసు తీసుకుని వెనక్కొచ్చి కూర్చున్నాను.